బైపాస్ అయ్యాక మంచం మీంచి లేచి నడవడం ఎలా?

ఒడిశాలోని బరంపురం నుంచి విశాఖ వెళ్లి గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించుకుని వచ్చేవాళ్లు మా వైపు చాలామందే. ఇంటికొచ్చాక వాళ్లచేత నడక మొదలుపెట్టించడం ఫిజియోథెరపిస్టుగా నా పని. నడక కష్టమేమీ కాదు. దానికి ముందు మనిషిని మంచం మీంచి లేపడంలోనే ఇంటిల్లిపాదీ తప్పు చేస్తారు.

కావలసినవి కొన్నే: మోకాలెత్తు మంచం, గట్టి దిండు, వెనక పట్టీ ఉన్న చెప్పులు, చెక్క కుర్చీ. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, వద్దు.

ఇక లేవడం. "లేవండి మావయ్యా" అంటూ అల్లుడు రెండు చేతులూ పట్టుకుని లాగుతాడు. ఎన్ని ఇళ్లలో చెప్పినా ఇదే వరస. ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను నిలువునా కోసి, తర్వాత స్టీలు తీగలతో బిగిస్తారు. పైన కుట్లు మానగానే లోపల కూడా మానిపోయిందనుకుంటారు. ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, బాగా గట్టిపడడానికి దాదాపు 3 నెలలు పడుతుంది. చేతులు పట్టి లాగితే ఆ బలమంతా అతుకు మీదే పడుతుంది.

ముందు మోకాళ్లు మడవాలి. దిండును గుండెలకు హత్తుకోవాలి. భుజం, నడుము ఒకేసారి కదిలేలా పక్కకు ఒత్తిగిల్లాలి, నడుము మెలితిరగకూడదు. పాదాలను మంచం అంచు మీంచి కిందికి వదిలితే ఆ బరువుకే ఒళ్లు పైకి లేస్తుంది. సాయం చేసేవాళ్లు వీపు వెనక, భుజం కింద అరచెయ్యి ఆనించాలి, అంతే. చంకలో చెయ్యి వేసి ఎత్తవద్దు.

కూర్చున్నాక ఒక్క నిమిషం ఆగండి. బీపీ పడిపోయి కళ్లు తిరిగేది ఇక్కడే. తర్వాత అంచుకు జరిగి, పాదాలు కాస్త వెనక్కి పెట్టి, ముందుకు వంగి తొడల బలంతో లేవాలి. మంచాన్ని చేతులతో నొక్కి లేవకూడదు. దగ్గు, తుమ్ము వచ్చినా దిండు హత్తుకోవాల్సిందే. నిండు బిందె ఎత్తడం, బైకు నడపడం డాక్టరు సరేననే దాకా కుదరదు. కదిలితే ఛాతీలో 'టిక్కు'మన్నా, గాయం నుంచి చీము కారినా, జ్వరమొచ్చినా ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఆరోజే చూపించాలి.

నడక మొదటి వారం ఇంట్లోనే, 5 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు. ఒంటికి పడుతుంటే ఒక్కో నిమిషం పెంచుకుంటూ 6 వారాలకు అరగంటకు చేరాలి. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. ట్రెడ్‌మిల్ కొనకండి. దాని వేగానికి మనం నడవాలి, వరండాలో అయితే మన వేగం మనదే. ఈ ఉక్కపోతలో ఎండెక్కాక మాత్రం బయటికి వద్దు. మొక్కుందని తారాతారిణి అమ్మవారి గుడి ఉన్న కొండ 999 మెట్లూ ఎక్కుతామనేవాళ్లున్నారు. డాక్టరు ప్రయాణానికి ఒప్పుకున్నాక రోప్‌వేలో వెళ్లండి, మొక్కు తీరుతుంది.

ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం, గుండెదడ వస్తే ఆగి కూర్చోవాలి. కూర్చున్నా తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి.

నాన్న వెంట మెల్లగా నడిచే కొడుకులకూ ఒక మాట. ఆ నడక ఆయనకు వ్యాయామం, మీకు కాదు. తండ్రికి గుండెజబ్బు ఉంటే మీకూ ముప్పు ఎక్కువే. వారానికి కనీసం 150 నిమిషాలు, ఒళ్లు చెమర్చేలా మీ నడక మీరు విడిగా నడవండి, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి.