కారు టెస్టుకి ముందు ఎడమకాలికి శిక్షణ

హైదరాబాద్‌లో నాగోలు, కొండాపూర్ లాంటి ట్రాక్‌ల మీద డ్రైవింగ్ లైసెన్స్ టెస్టు పోగొట్టుకునేవాళ్లలో చాలామందికి స్టీరింగ్ బాగానే వచ్చు. రానిదల్లా మనిషి నడకకన్నా మెల్లగా కారుని నడపడం. అది క్లచ్ మీదున్న ఎడమకాలి పని. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకున్నవాళ్లకి ఈ లోటు చివరిదాకా తెలియదు. పక్క సీటు కింద సార్‌కి కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. ఆయన కాలు సాయం చేస్తున్నంతసేపూ మనకి డ్రైవింగ్ వచ్చేసినట్టే ఉంటుంది. అందుకే చివరి నాలుగైదు క్లాసుల్లో ఆయన్ని కాళ్లు వెనక్కి పెట్టుకోమని అడగండి. మొహమాటపడితే ఆ లెక్క టెస్టు రోజున తేలుతుంది.

ఎల్ఎల్ఆర్ (లెర్నర్స్ లైసెన్స్) ఆరు నెలలు చెల్లుతుంది. వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకి వెళ్లాలి. ఈలోగా సొంత కారులో ప్రాక్టీస్ చేస్తుంటే పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలి, అవసరమైతే కారు ఆపగలిగేలా హ్యాండ్ బ్రేక్ చేతికందాలి. ముందూ వెనకా తెల్లటి బోర్డు మీద ఎర్రటి 'ఎల్' ఉండాలి. బోర్డు 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లు.

మొదటి వారం రోడ్డు జోలికి పోకండి. ఖాళీ మైదానం చాలు. సీటుని ఎలా జరుపుకోవాలంటే, క్లచ్ అడుగంటా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలేటర్ ముట్టుకోకుండా, మడమ నేలకి ఆనించి క్లచ్‌ని పిసరంత పిసరంత వదలండి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, కారు సన్నగా వణుకుతుంది. అదే హాఫ్ క్లచ్. పాదాన్ని అక్కడే బిగబట్టండి. కారు దానంతటదే పాకుతుంది. వేగం పెరిగితే చిటికెడు తొక్కండి, తగ్గితే చిటికెడు వదలండి. ఇరవై అడుగుల దూరాన్ని ఒక నిమిషంలో, ఎక్కడా ఆగకుండా దాటగలిగితే ట్రాక్‌కి సగం సిద్ధమైనట్టే. ఒకటే జాగ్రత్త, ఎక్కువసేపు ఇలాగే నడిపితే క్లచ్ ప్లేట్ కాలిన వాసన వస్తుంది. మధ్యలో ఆపి చల్లారనివ్వండి.

తర్వాత ఇటుకలో, ఇసుక నింపిన నీళ్ల సీసాలో తెచ్చి తొమ్మిదడుగుల వెడల్పున దారి గీసుకోండి. ఎనిమిది ఆకారంలో ముందుకి వెళ్లేటప్పుడు లోపలివైపు వెనక చక్రం ముందు చక్రంకన్నా లోపలికి కోసుకుపోతుంది. గీత తొక్కేది ఎక్కువగా అదే. కాబట్టి మలుపులో బయటి గీతకి దగ్గరగా ఉండండి. రివర్స్‌లో వ్యవహారం తారుమారు. స్టీరింగ్ ఎటు తిప్పితే కారు వెనకభాగం అటే పోతుంది, ముందు ముక్కు మాత్రం అవతలివైపుకి ఊగుతుంది. హెచ్ ఆకారం ట్రాక్‌లో వెనక చక్రాల మీదే చూపు పెట్టి, ముందు భాగంతో అంచున పాతిన కర్రని తగిలించేది ఇక్కడే. సైడ్ మిర్రర్‌ని వెనక తలుపు పిడి, వెనక చక్రం, గీత మూడూ కనబడేంత కిందికి దించుకోండి.

'ఫలానా కర్ర ఫలానా కిటికీలోకి రాగానే స్టీరింగ్ ఫుల్ కొట్టు' అని నేర్పుతుంటారు. ఆ గుర్తు ఆ కారుకి, ఆ సీటు ఎత్తుకి మాత్రమే పనికొస్తుంది. వేరే కారు దొరికితే గుర్తూ పోతుంది, ధైర్యమూ పోతుంది. చక్రం ఎటు పోతోందో చూసి తిప్పడం ఇంకో మూడు రోజులు ఎక్కువ తీసుకున్నా అదే నేర్చుకోండి.

చడావు (ఎత్తు ఎక్కే చోటు) దగ్గర తప్పు ఒక్కటే: క్లచ్ పట్టుకోకముందే హ్యాండ్ బ్రేక్ దించేయడం. హ్యాండ్ బ్రేక్ లాగి, ఫస్ట్ గేర్ వేసి, కాస్త రేజ్ ఇస్తూ క్లచ్ వదలండి. బానెట్ కొద్దిగా పైకి లేచినట్టు కనిపించాక ఎడమకాలిని కదపకుండా బ్రేక్ దించండి. వెనక చక్రానికి జానెడు దూరంలో ఖాళీ ప్లాస్టిక్ సీసా పెట్టి ప్రాక్టీస్ చేయండి. సీసా నలగకుండా కారు పదిసార్లు ముందుకి కదలాలి. ఆ తర్వాత బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తు రోడ్ల మీద ఆదివారం తెల్లవారుజామున చేసి చూడండి.

సిటీ రోడ్డు మీద నేర్చుకోవాల్సింది ధైర్యం కాదు, వరుస: ముందు మిర్రర్, తర్వాత ఇండికేటర్, తర్వాత తల తిప్పి ఓ చూపు, చివరికి స్టీరింగ్. ఇండికేటర్ వేశాక మిర్రర్ చూసేవాళ్లకి అప్పటికే పక్కన బైక్ వచ్చేసి ఉంటుంది. ఆర్టీసీ బస్సు వెనకాల వెళ్తుంటే అది స్టాపు కోసం ఎడమకి కోస్తుందని, ఆటో ఎక్కడైనా ఆగుతుందని అనుకునే నడపండి. బస్సు వెనక చక్రాలు రోడ్డుకి ఆనిన చోటు కనిపించేంత ఎడం వదిలితే సిగ్నల్ దగ్గర ఇరుక్కోరు.

టెస్టు రోజు ఎల్ఎల్ఆర్, స్లాట్ కాగితం, బండి ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఒకే కవర్లో ఉండాలి. వాటిలో ఏది గడువు దాటిందో ముందురోజే చూసుకోండి. చెప్పులొద్దు, పలచని అడుగున్న బూట్లు మేలు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చెప్పకముందే సీటు, అద్దాలు సర్దుకుని, బెల్టు పెట్టుకుని, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి స్టార్ట్ చేయండి. ఏసీ ఆపేయండి. చిన్న ఇంజిన్ హాఫ్ క్లచ్‌లో ఏసీ భారానికి టక్కున ఆగిపోవచ్చు. ముందు వెళ్లిన కారుని చూసి తొందరపడకండి.

ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. మూడుసార్లు తప్పితే చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. అందుకే ఆరో నెల చివరి వారానికి స్లాట్ పెట్టుకోవద్దు. ఒక్కసారి తప్పినా ఎల్ఎల్ఆర్ గడువు అయిపోతుంది. రెండో నెలలో గానీ మూడో నెలలో గానీ వెళ్తే, ఏ గీత తొక్కారో గుర్తుపెట్టుకుని ఆ ఒక్క మలుపే వారంపాటు చేసుకోడానికి వ్యవధి ఉంటుంది.