వైఫై ఉంది, నెట్ రావట్లేదు: బడి నెట్‌వర్క్‌లో ఐపీ చిక్కులు

మా బడిలో నెట్‌వర్క్ పెట్టినప్పుడు ల్యాబులో 30 కంప్యూటర్లు, ఆఫీసులో రెండు, ఒక ప్రింటరు. ఇప్పుడు కెమెరాలు, హాజరు మెషిన్లు, తరగతుల్లో డిజిటల్ బోర్డులు, టీచర్ల ఫోన్లు కూడా చేరాయి. ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబర్లు) మాత్రం రౌటర్‌తో పాటు వచ్చినవే, 192.168.1తో మొదలయ్యే 254. ఎవరైనా "నెట్ రావట్లేదు సార్" అంటే చాలు, కరస్పాండెంట్ గారు పెద్ద ప్లాన్ తీసుకోమంటారు. స్పీడు పెరిగినంత మాత్రాన అడ్రసులు పెరగవు. ముందు ఆ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ (ipconfig /all) కమాండ్ కొట్టి ఏ అడ్రస్ ఉందో చూడండి.

సమస్య: పొద్దున బాగుంటుంది, పదిన్నర దాటాక వచ్చినవాళ్లకు నెట్ ఉండదు

అడ్రస్ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే ఏర్పాటు, మాకు రౌటర్‌లోనే ఉంది) నుంచి జవాబు రాలేదని అర్థం. అడిగి అడిగి విసిగిన విండోస్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ పేజీ తెరిస్తే నాకు అసలు సంగతి తెలిసింది. పంచడానికి 100 నుంచి 199 వరకు ఇచ్చిన అడ్రసుల గుంపు, అంటే పూల్, నిండిపోయింది. అందులో సగానికి పైగా ఫోన్లే. లీజు, అంటే ఒక అడ్రస్ ఒకరి దగ్గర ఉండే గడువు, 24 గంటలు కావడంతో, పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చి పది నిమిషాలు కూర్చున్న ఫోను కూడా మర్నాటి దాకా అడ్రస్ పట్టుకునే ఉంటుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకి ఒక్కో కల్పిత మ్యాక్ అడ్రస్ (రౌటర్ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) చూపిస్తాయి. మాకు 'స్టాఫ్', 'ల్యాబ్' అని రెండు పేర్లున్నాయి, వెనక నెట్‌వర్క్ ఒక్కటే. దాంతో ఒకే ఫోను రెండు అడ్రసులు తినేసేది.

పరిష్కారం: లీజు రెండు గంటలకు తగ్గించండి. లీజు సగం గడిచేసరికి ఫోను తనే రెన్యూ చేయించుకుంటుంది కాబట్టి వాడుతున్నవాళ్లకు ఏమీ తెలియదు. అదీ చాలకపోతే మాస్క్‌ను (ఏ అడ్రసులు ఒకే నెట్‌వర్క్‌లోవో చెప్పే సంఖ్య) 255.255.255.0 నుంచి 255.255.254.0కి మార్చండి, 510 అడ్రసులు వస్తాయి.

నేను బోల్తా పడింది ఇక్కడే. అడ్రస్‌లోని మూడో సంఖ్యలో 1 తర్వాత 2 కలుస్తుందనుకుని పూల్ చివర 192.168.2.200 అని కొట్టాను. రౌటర్ ఒప్పుకోలేదు. అరగంట రౌటర్‌ని తిట్టుకున్నాక తెలిసింది: ఈ మాస్క్‌లో జతలు సరి సంఖ్యతోనే మొదలవుతాయి, 0-1, 2-3, 4-5 అలా. 1కి జోడీ 0.

సమస్య: పాత కంప్యూటర్ల నుంచి ప్రింట్ వస్తుంది, కొత్త ల్యాప్‌టాప్‌ల నుంచి రాదు

మాస్క్ మార్చిన మర్నాడే ఇది మొదలైంది. ల్యాప్‌టాప్ 192.168.0.77, ప్రింటర్ 192.168.1.50. ప్రింటర్‌కి ఎప్పుడో చేత్తో పెట్టిన పాత మాస్కే ఉంది. దాని లెక్కలో 0.77 వేరే ఊరు. ఆ ఊరికి దారి చూపే గేట్‌వే గడి ఖాళీ, కాబట్టి జవాబు పంపలేదు. మాస్క్ మార్చినప్పుడు చేత్తో ఐపీ పెట్టిన ప్రతి పరికరం దగ్గరికీ వెళ్లి దాన్ని మార్చాల్సిందే.

సమస్య: హాజరు మెషిన్ రోజుకోసారి మాయమవుతుంది

దాని స్టాటిక్ ఐపీ (చేత్తో పెట్టిన అడ్రస్) డీహెచ్‌సీపీ పూల్‌లో పడింది, అదే అడ్రస్ ఎవరి ఫోనుకో వెళ్తోంది. స్టాటిక్‌వన్నీ పూల్ బయట పెట్టండి.

సమస్య: ఉన్నట్టుండి అక్కడక్కడా నెట్ పోతుంది, రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి వస్తుంది

ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టి డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరుస చూడండి. మాది 192.168.1.1, అక్కడ 192.168.0.1 కనబడింది. కొత్త మాస్క్ వచ్చాక ఇదీ మనదే అన్నట్టు ఉంటుంది, కన్ను మోసపోతుంది. తీరా చూస్తే ఒక టీచరు ఇంట్లో పాత రౌటర్ తెచ్చి స్టాఫ్ రూమ్ గోడకున్న నెట్‌వర్క్ సాకెట్‌కి గుచ్చారు. పాపం, సిగ్నల్ కోసమే. రెండు రౌటర్లూ అడ్రసులు పంచుతుంటే ఎవరు ముందు జవాబిస్తే వాళ్ల మాటే చెల్లుతుంది. ఏఆర్‌పీ -ఏ (arp -a) కమాండ్ కొట్టి దాని మ్యాక్ రాసుకుని, మేనేజ్డ్ స్విచ్‌లోని (సెట్టింగులు మార్చగలిగే స్విచ్) మ్యాక్ టేబుల్‌లో వెతికితే ఏ పోర్టులో ఉందో దొరుకుతుంది. దాన్ని పీకేయాల్సిన పనిలేదు. అందులో డీహెచ్‌సీపీ ఆపి, ఎవరికీ లేని ఐపీ ఇచ్చి, కేబుల్‌ని వ్యాన్ (ఇంటర్నెట్ లైను పెట్టే) పోర్టులో కాకుండా ల్యాన్ (కంప్యూటర్లు పెట్టే) పోర్టులో పెడితే మామూలు యాక్సెస్ పాయింట్‌లా, అంటే వైఫై మాత్రమే ఇచ్చే పెట్టెలా పనిచేస్తుంది. మళ్లీ ఇంకెవరూ ఇలా చేయకుండా స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (మనం నమ్మిన పోర్టు నుంచి తప్ప డీహెచ్‌సీపీ జవాబుల్ని రానివ్వని సెట్టింగు) ఆన్ చేయండి.

510 కూడా నిండుతుంటే మాస్క్‌ని ఇంకా సాగదీయకండి. కెమెరాలు, ఆఫీసు, ల్యాబు, ఫోన్లు వేర్వేరు వీల్యాన్‌లలోకి (అవే స్విచ్‌ల మీద విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌లు) వెళ్లాలి. నేను వీల్యాన్ 10కి 10.20.10, వీల్యాన్ 20కి 10.20.20 అని పెట్టుకున్నాను, అడ్రస్ చూడగానే ఏ గుంపుదో తెలుస్తుంది. విడదీసిన రోజు ఏదో ఒక వీల్యాన్‌లో మాత్రం మళ్లీ 169.254 కనబడితే కంగారు పడకండి. డీహెచ్‌సీపీ కోసం వేసే కేక వీల్యాన్ దాటి పోదు. లేయర్ 3 స్విచ్‌లో (వీల్యాన్‌ల మధ్య దారి చూపే స్విచ్) ఆ వీల్యాన్‌కి డీహెచ్‌సీపీ రిలే (ఆ కేకను సర్వర్‌కి చేరవేసే సెట్టింగు) పెట్టడం మర్చిపోయి ఉంటారు, సర్వర్ అడ్రస్ అక్కడ ఇస్తే చాలు.