ఫార్మాట్ చేసే ముందు ఒక్క రోజు ఆగండి

కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టాక ఎవరో ఒకరు చెప్పే మాట ఇదే: "ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేసేయండి, సరిపోతుంది." చాలాసార్లు నిజంగానే సరిపోతుంది. దానికి తోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది కాబట్టి, విండోస్ 11కి మారే పని చాలా ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో సాగుతోంది. బంధువుల కంప్యూటర్లకు, స్నేహితుల కంప్యూటర్లకు ఈ పని నేను చాలాసార్లు చేసిపెట్టాను. కొత్త విండోస్ వచ్చిన సాయంత్రం అందరూ సంతోషంగానే ఉంటారు. వారం తిరిగాక ఫోను వస్తుంది, ఫలానాది కనబడటం లేదు, ఎక్కడుందో చూస్తారా అని. అప్పటికి చూడటానికి ఏమీ మిగిలి ఉండదు.

అలా పోయేవి మనకు బాగా గుర్తున్న ఫైళ్లు కావు. పిల్లల ఫొటోలను ఎవరూ మరచిపోరు. ఏ మూలన ఉన్నాయో ఎన్నడూ వెతకాల్సిన అవసరం రానివే పోతాయి. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటి ఉంది. అన్నీ తీసి పెట్టుకోవడం ఒక రోజు, విండోస్ వేయడం మరో రోజు చేయండి. మధ్యలో ఒక రాత్రి గడిస్తే "అయ్యో, అది తీయలేదు" అని గుర్తుకొచ్చేవి కనీసం రెండు మూడు ఉంటాయి.

అసలు జబ్బు డిస్క్‌దేమో చూడండి

హార్డ్‌డిస్క్ నుంచి టిక్కుటిక్కుమని శబ్దం వస్తున్నా, ఏదైనా ఫోల్డర్ తెరవగానే కంప్యూటర్ నిమిషాల తరబడి బిగుసుకుపోతున్నా ఆ డిస్క్‌కు కాలం తీరుతోందని అనుమానించాలి. అలాంటి దాన్ని ఫార్మాట్ చేసి ప్రయోజనం లేదు, కొత్త విండోస్ కూడా దాని మీద నిలవదు. స్కాన్ చేయడం, డీఫ్రాగ్ చేయడం (ఫైళ్ల ముక్కలను ఒకచోట సర్దడం) లాంటి పనులతో దాన్ని ఇంకా అలసిపోనివ్వకండి. మీకు అన్నిటికంటే విలువైన ఫోల్డర్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటే బయటికి కాపీ చేసుకోండి. ఏదైనా ఫైలు దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి మిగతావి తీసుకోండి, మొండికేసిన ఫైలు సంగతి చివర్లో చూడవచ్చు. ఆ తర్వాత డిస్క్ మార్పించుకోండి.

మాటిమాటికీ కంప్యూటర్ ఆగిపోయి లోపం చూపే నీలి తెర వస్తుంటే తప్పు ర్యామ్‌ది, అంటే తాత్కాలిక మెమరీది కావచ్చు. విండోస్‌తో పాటే వచ్చే 'మెమరీ డయాగ్నస్టిక్' పరీక్ష ఒకసారి నడిపి చూడండి. ర్యామ్ చెడితే ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఆ తెర మళ్లీ వస్తూనే ఉంటుంది.

డి డ్రైవ్‌లో ఉంది కదా అన్న ధీమా

ఇది అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచిన నమ్మకం. ఫైళ్లన్నీ సి డ్రైవ్ నుంచి డి డ్రైవ్‌లోకి జరిపేసి, ఇక భయం లేదని విండోస్ వేయడం మొదలుపెడతారు. చాలా కంప్యూటర్లలో సి, డి రెండూ ఒకే డిస్క్‌లోని రెండు గదులు (పార్టిషన్లు). పైగా విండోస్ వేసేటప్పుడు వచ్చే తెర మీద 'సి', 'డి' అని కనబడవు. 'డిస్క్ 0 పార్టిషన్ 3' తరహాలో అంకెలు, పక్కన పరిమాణం మాత్రమే ఉంటాయి. చిన్న ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఒకటి, పెద్ద హార్డ్‌డిస్క్ ఒకటి ఉన్న ల్యాప్‌టాప్‌లలోనైతే ఏది 0, ఏది 1 అన్నది ఊహించి చెప్పలేం. అక్కడ 'డిలీట్' నొక్కిన పార్టిషన్‌ను వెనక్కి తెచ్చే బటన్ ఆ తెర మీద లేదు.

సెట్టింగ్స్‌లోని 'రీసెట్' ద్వారా చేసినా ఇదే జాగ్రత్త పాటించాలి. అందులో 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుంటే, విండోస్ ఉన్న డ్రైవ్ ఒక్కటే తుడవాలా, అన్ని డ్రైవ్‌లూ తుడవాలా అన్న ఎంపిక కూడా ఉంటుంది. చదవకుండా ముందుకు నొక్కుతూ పోయే అలవాటు ఇక్కడ చాలా ఖరీదైనది.

కాబట్టి కాపీ కంప్యూటర్ బయట ఉండాలి, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో గాని, మరో కంప్యూటర్‌లో గాని. విండోస్ వేసేటప్పుడు ఆ ఎక్స్‌టర్నల్ డిస్క్ తీగ ఊడదీసి పక్క గదిలో పెట్టండి. తగిలించి ఉంచితే అది కూడా ఆ అంకెల జాబితాలోకి చేరుతుంది. కంప్యూటర్‌లో ఉన్న డిస్క్‌ల పరిమాణాలను 'డిస్క్ మేనేజ్‌మెంట్'లో చూసి ముందే ఒక కాగితం మీద రాసుకోండి, ఇన్‌స్టాల్ తెర వచ్చినప్పుడు ఆ కాగితమే మీకు దిక్కు.

కాపీ చేయాల్సినవి, కాపీ అయ్యాయని భ్రమ కలిగించేవి

సి డ్రైవ్‌లో 'యూజర్స్' అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోనే సాధారణంగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ ఉంటాయి. విడివిడిగా ఏరుకునే బదులు ఆ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేయండి. ఇంట్లో మరొకరికి వేరే లాగిన్ ఉంటే వారి ఫోల్డర్ కూడా తీయాలి. ఇది తరచూ మరచిపోతారు. అదే యూజర్ ఫోల్డర్‌లో 'యాప్‌డేటా' అని ఇంకొకటి దాగి ఉంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దాచిన ఫైళ్లను చూపమని చెబితేనే అది కనబడుతుంది. స్టికీ నోట్స్‌లో రాసుకున్న చీటీలు, బ్రౌజర్ సమాచారం, కొన్ని మెయిల్ ప్రోగ్రామ్‌ల ఉత్తరాలు అందులోనే ఉంటాయి. వాడుకలో ఉన్న కొన్ని ఫైళ్లు కాపీ కావని మొరాయిస్తాయి కాబట్టి, ముందుగా బ్రౌజర్, మెయిల్ లాంటివన్నీ మూసేయండి.

డెస్క్‌టాప్ మీద కనిపించే బొమ్మలన్నీ ఫైళ్లు కావు. మూలన చిన్న వంపు బాణం గుర్తు ఉంటే అది షార్ట్‌కట్, అంటే అసలు ఫైలు ఎక్కడుందో చెప్పే చీటీ మాత్రమే. అలాంటి షార్ట్‌కట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, అంతా భద్రమేనని ఫార్మాట్ చేయించుకున్న వారిని చూశాను. ఫైలు సైజు ఒకటి రెండు కేబీలే ఉంటే అనుమానించండి.

వన్‌డ్రైవ్ వాడేవారికి ఇలాంటిదే మరో చిక్కు ఉంది. ఫైలు పక్కన మబ్బు గుర్తు ఉంటే అది మీ కంప్యూటర్‌లో లేదు, ఇంటర్నెట్‌లో మాత్రమే ఉంది. పచ్చని టిక్కు ఉంటేనే కంప్యూటర్‌లో కూడా ఉన్నట్టు. వన్‌డ్రైవ్ ఎక్కించడం మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు కూడా. ఉచిత ఖాతాకు ఇచ్చేది 5 జీబీ, అది నిండిన రోజు నుంచి కొత్త ఫైళ్లు పైకి వెళ్లవు. బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిచి, మీ ఫైళ్లు అక్కడ ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోండి.

ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో బోలెడు చోటు ఉన్నా పెద్ద వీడియో ఎక్కనంటే కారణం దాని ఫార్మాట్. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న డిస్క్ ఒక్కో ఫైలు 4 జీబీ లోపు ఉంటేనే తీసుకుంటుంది. అందులో ఇతర ఫైళ్లేమీ లేవని రూఢి చేసుకుని ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకుంటే ఎక్కుతుంది.

ఔట్‌లుక్‌లో పాత పాప్ (POP) పద్ధతిలో, అంటే ఉత్తరాలను సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతిలో, మెయిల్ తెచ్చుకునేవారి ఉత్తరాలు సర్వర్‌లో లేకుండా కంప్యూటర్‌లోని పీఎస్‌టీ ఫైలులో మాత్రమే ఉండవచ్చు. ఆ ఫైలు ఎక్కడుందో ఔట్‌లుక్ అకౌంట్ సెట్టింగ్స్‌లోని డేటా ఫైల్స్ దగ్గర తెలుస్తుంది. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్లకు వాటి సొంత బ్యాకప్ సదుపాయం ఉంటుంది, ఫోల్డర్ కాపీ చేసి ఊరుకోకుండా దాన్నే వాడండి. బ్రౌజర్‌లోని బుక్‌మార్కులను, పాస్‌వర్డ్‌లను ఖాతాతో సింక్ చేసుకోండి. పాస్‌వర్డ్‌లను ఫైలుగా ఎగుమతి చేస్తే అందులో అన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి. పని అయ్యాక ఆ ఫైలును తప్పకుండా చెరిపేయండి.

ఇక ఫాంట్లు. మా పెద్దనాన్న ఏళ్ల తరబడి టైపు చేసుకున్న జ్ఞాపకాలు వందల పేజీలు ఉండేవి. ఫైళ్లన్నీ జాగ్రత్తగా కాపీ చేశాను, ఒక్కటీ పోలేదు. కొత్త విండోస్‌లో తెరిస్తే తెలుగు ఒక్క ముక్క లేదు, అంతా అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, గీతలు. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనబడేలా చేసే అక్షర పద్ధతి) రాకముందు తరహా తెలుగు ఫాంట్‌తో ఆయన టైపు చేశారు. ఆ ఫాంట్ పాత విండోస్‌తో పాటే పోయింది. ఎనభై ఏళ్ల మనిషి ఆ తెర ముందు ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అదే ఫాంట్ ఉన్న మరో కంప్యూటర్ దొరికేసరికి నెలలు పట్టింది. ఆ రోజు నుంచి సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో ఉండే 'ఫాంట్స్'ను కాపీ చేయకుండా నేను ఏ కంప్యూటర్‌నూ ఫార్మాట్ చేయలేదు. పాత తెలుగు ఫైళ్లు ఉన్నవారు వాటిని పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి. ఫాంట్ లేకపోయినా కనీసం చదువుకోవడానికి ఉంటాయి.

కాపీ పూర్తయ్యాక రెండు వైపులా ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి 'ప్రాపర్టీస్'లో ఫైళ్ల సంఖ్య పోల్చండి. అక్కడితో ఆగకుండా ఆ డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి పది పన్నెండు ఫైళ్లు తెరిచి చూడండి. ఫొటో నిండుగా రావాలి, వీడియో చివరి నిమిషం కూడా ఆడాలి. పేరు కనబడినంత మాత్రాన ఫైలు ఉన్నట్టు కాదు.

నలభై ఎనిమిది అంకెలు

చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన రోజే డిస్క్‌కు దానంతటదే తాళం పడుతుంది. దీన్ని బిట్‌లాకర్ అనీ, డివైస్ ఎన్‌క్రిప్షన్ అనీ అంటారు. రోజూ వాడుతున్నంత కాలం ఆ సంగతే తెలియదు. విండోస్ 11కి కావాల్సిన టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే ఏర్పాటు)ల కోసం బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే సెటప్‌లో, సెట్టింగులు మార్చగానే హఠాత్తుగా నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే లోపలున్న ఫైళ్లను మైక్రోసాఫ్ట్ కూడా తెరిచి ఇవ్వలేదు. డిస్క్ ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలించినా అదే కీ కావాలి.

బ్రౌజర్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, పరికరాల విభాగంలో బిట్‌లాకర్ కీ చూసి కాగితం మీద రాసుకోండి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే కీ ఆఫీసు వారి దగ్గర ఉంటుంది, వారిని అడగకుండా ఏదీ మొదలుపెట్టకండి. ఆ ఖాతాలోనే మరో విషయం చూడండి. అందులో ఉన్న ఫోను నంబరు ఇప్పటికీ మీదేనా? పాత నంబరు ఒక్కటే ఉండి, అది ఇప్పుడు మీ చేతిలో లేకపోతే, భద్రతా వివరాలన్నీ మార్చుకోవడానికి 30 రోజులు ఆగాల్సి వస్తుంది. విండోస్ వేశాక తెలిస్తే ఆ 30 రోజులూ చాలా పొడుగ్గా ఉంటాయి.

విండోస్ లైసెన్సు గురించి అంతగా బెంగ అక్కర్లేదు. అదే కంప్యూటర్‌లో అదే రకం, అంటే హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో వేస్తే, లైసెన్సు కీ అడిగిన చోట దాటవేసినా సాధారణంగా ఇంటర్నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. పాత ఆఫీస్ ప్యాకేజీకి మాత్రం 25 అక్షరాల కీ వెతికి పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాను ఫోనుతో ఫొటోలు తీసుకుంటే తర్వాత ఏమేమి వేసుకోవాలో తెలుస్తుంది.

డ్రైవర్లు, పాత స్కానర్లు

కొత్త విండోస్‌లో వైఫై పనిచేయకపోతే డ్రైవర్ (ఆ పరికరాన్ని విండోస్ నడపడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) దింపుకోవాలి, దింపుకోవాలంటే వైఫై కావాలి. ఈ చిక్కులో పడకుండా కంప్యూటర్ తయారీ సంస్థ వెబ్‌సైట్ నుంచి నెట్‌వర్క్ డ్రైవర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాల్ తెర మీద డిస్క్ అసలు కనిపించదు. డిస్క్ పాడైందని కంగారు పడకండి, ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను అక్కడ లోడ్ చేస్తే కనబడుతుంది. విండోస్ 11కి మారేవారు తమ ప్రింటర్‌కు, స్కానర్‌కు దానిలో డ్రైవర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. మీ కంప్యూటర్ విండోస్ 11కి తగునో లేదో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే 'పీసీ హెల్త్ చెక్' చెబుతుంది.

అప్‌గ్రేడే కదా అనుకునేవారికి

ఫార్మాట్ లేకుండా పైపైన అప్‌గ్రేడ్ చేస్తే ఫైళ్లు అలాగే ఉంటాయన్నది నిజమే, అయినా బ్యాకప్ మానకండి. 2018 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపి, సరిచేసి, నవంబర్‌లో మళ్లీ విడుదల చేసింది. ఆ కొద్ది రోజుల్లో వేసుకున్న వారికి ముందే తీసిన కాపీ ఒక్కటే ఆధారం.

అప్‌గ్రేడ్ నచ్చకపోతే పాత విండోస్‌కు వెనక్కి వెళ్లడానికి మామూలుగా 10 రోజులే గడువు. కాబట్టి మొదటి రెండు మూడు రోజుల్లోనే ప్రింటర్, కెమెరా, మీ ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ అన్నీ నడిపి చూడండి. పాత విండోస్‌ను దాచి ఉంచే 'విండోస్.ఓల్డ్' ఫోల్డర్ చోటు తినేస్తోందని ఆలోపే తీసేస్తే వెనక్కి దారి ఉండదు.

విండోస్ వేసే రోజు

ల్యాప్‌టాప్‌కు చార్జర్ తగిలించే ఉంచండి, డెస్క్‌టాప్‌కైతే యూపీఎస్ ఉండాలి. ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌ను మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లోని 'మీడియా క్రియేషన్ టూల్'తోనే చేసుకోండి, దానికి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. అది పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ తుడిచేస్తుంది కాబట్టి ఫొటోలు దాచిన దాన్ని దీనికి వాడకండి. ఎవరో ఇచ్చిన 'యాక్టివేటర్' (లైసెన్సు లేకుండా నడిపించే ప్రోగ్రామ్) కలిపిన విండోస్ జోలికి వెళ్లకండి, దానితో పాటు ఏమేమి వస్తాయో మీకు కనబడదు. సాయంత్రం అలసిపోయి ఉన్నప్పుడు మొదలుపెట్టకండి, తెర మీద ప్రతి మాటా చదివే ఓపిక ఉన్న పూట పెట్టుకోండి.

పని అయ్యాక బ్యాకప్ డిస్క్‌ను కనీసం నెల రోజులు ముట్టుకోకండి, అందులో కొత్త సినిమాలు నింపకండి. ఏదైనా పోయిందని తెలిసిన క్షణమే కంప్యూటర్ వాడకం ఆపేసి, స్విచ్ ఆపండి. హార్డ్‌డిస్క్ అయితే, కొత్తగా ఏదీ రాయకపోతే కొంతైనా తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ చెరిపిన చోటును ట్రిమ్ అనే పద్ధతిలో తానే ఖాళీ చేసుకుంటుంది కాబట్టి అందులో ఆశ చాలా తక్కువ. పాత హార్డ్‌డిస్క్ తీసి కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటున్నట్టయితే పాతదాన్ని అమ్మకండి, ఫార్మాట్ కూడా చేయకండి. దాని మీద తేదీ రాసి, రికవరీ కీ కాగితాన్ని విడిగా దాచి, రెండింటినీ ఒక ఏడాది అలాగే ఉంచండి.