వాట్లు, సర్వే, క్యాలెండర్: అడాప్టివ్ ట్రైనింగ్ యాప్‌తో సైకిల్ మీద దమ్ము పెంచుకోవడం

మామూలు ట్రైనింగ్ ప్లాన్ గోడకు అంటించిన టైమ్‌టేబుల్ లాంటిది. మంగళవారం జ్వరంతో పడుకున్నా సరే, గురువారం రాసి ఉన్న కష్టమైన వర్కవుట్ అలాగే కూర్చుని ఉంటుంది. అడాప్టివ్ సాఫ్ట్‌వేర్ మీరు ఏం తొక్కారో, ఎక్కడ ఆగిపోయారో, తొక్కాక ఎలా ఉందన్నారో చూసుకుని ముందున్న వర్కవుట్లను మారుస్తుంది. ట్రైనర్‌రోడ్ అనే యాప్ 2021లో ‘అడాప్టివ్ ట్రైనింగ్’ అనే పేరుతోనే దీన్ని తెచ్చింది. జాయిన్, ఎక్సర్ట్ లాంటి యాప్‌లూ తమ తమ లెక్కలతో ఈ పనే చేస్తాయి. కింద చెప్పేది ఎక్కువగా ట్రైనర్‌రోడ్ పద్ధతి. మిగతావాటిలో బటన్ల పేర్లు వేరైనా చేయాల్సిన జాగ్రత్తలు ఇవే.

యాప్‌కు మీ ముఖం కనపడదు. దానికి తెలిసేవి మూడే: పవర్ మీటర్ (పెడల్ మీద మీరు పెట్టే శక్తిని కొలిచేది) పంపే వాట్లు, సర్వేలో మీరు ఇచ్చే జవాబు, క్యాలెండర్‌లో మీరు పెట్టిన వివరాలు. ‘ఈ యాప్ నన్ను చంపేస్తోంది’ అనేవాళ్ల ఖాతా తెరిచి చూస్తే, ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పుగా ఉండటమే ఎక్కువ.

ముందు వాట్లు నమ్మదగినవి కావాలి

ట్రైనర్ అంటే సైకిల్‌ను ఇంట్లోనే తొక్కేలా పట్టి ఉంచే స్టాండు. డైరెక్ట్ డ్రైవ్ స్మార్ట్ ట్రైనర్, అంటే వెనక చక్రం తీసేసి చైన్‌ను నేరుగా తగిలించేది, సాధారణంగా 1 నుంచి 2 శాతం తేడాలో వాట్లు చూపిస్తుంది. చక్రాన్ని రోలర్‌కు ఆనించే రకంలో ఆ తేడా 3 నుంచి 5 శాతం దాకా పోతుంది. అది పెద్ద దోషమేమీ కాదు, రోజూ ఒకేలా చూపిస్తే చాలు. టైరులో గాలి ప్రతిసారీ ఒకే పీఎస్‌ఐకి కొట్టండి, రోలర్ బిగింపు మరను ప్రతిసారీ అన్నే చుట్లు తిప్పండి. పది నిమిషాలు తొక్కి టైరూ రోలరూ వేడెక్కాకే స్పిన్‌డౌన్ కాలిబ్రేషన్ (వేగం పెంచి, తొక్కడం ఆపి, చక్రం ఆగే తీరుతో ట్రైనర్ లెక్కను సరిచేయడం) చేయండి. చల్లగా ఉన్నప్పుడు చేస్తే, తర్వాత టైరు వేడెక్కి రాపిడి మారిపోయి అంకెలు జారిపోతాయి.

క్రాంక్‌లోనో (పెడల్‌ను పట్టి ఉండే కడ్డీ) పెడల్‌లోనో పవర్ మీటర్ ఉంటే ప్రతి రైడ్‌కు ముందు జీరో ఆఫ్‌సెట్ (కాలు మోపనప్పుడు అంకె సున్నా చూపేలా సరిచేయడం) చేయాలి. ఇంట్లో ట్రైనర్ అంకెలు, రోడ్డు మీద పవర్ మీటర్ అంకెలు కలిపి వాడితే యాప్ తికమక పడుతుంది. రెండింటికీ 10 వాట్ల తేడా ఉంటే, మీరు ఇంటికి రాగానే బలహీనపడిపోయారని దాని లెక్క. పవర్ మీటర్ ఉన్నవాళ్లు ఇంట్లో కూడా దాని రీడింగునే వాడుకుని, ట్రైనర్‌ను పెడల్ మీద బరువు పెంచి తగ్గించే పనికే ఉంచుకోవడం మేలు. దీనికి ట్రైనర్‌రోడ్‌లో పవర్‌మ్యాచ్ అనే సెట్టింగ్ ఉంది. ఎడమ క్రాంక్‌కు మాత్రమే ఉండే మీటర్ ఎడమ కాలి బలాన్ని రెండింతలు చేసి చూపిస్తుందని గుర్తుంచుకోండి. మీ కుడికాలు బలమైనదైతే అంకె తక్కువగా వస్తుంది.

ట్రైనర్ దొరకడం లేదని యాప్ అంటే, పక్క గదిలో ఉన్న మీ ఫోన్ దాన్ని ముందే పట్టుకుందేమో చూడండి. చాలా ట్రైనర్లు బ్లూటూత్‌లో ఒకసారి ఒక్క పరికరానికే పలుకుతాయి. యాంట్ ప్లస్ అనే మరో వైర్‌లెస్ పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు. కాకపోతే దాని సిగ్నల్ అందుకునే డాంగిల్‌ను ల్యాప్‌టాప్ వెనక గుచ్చి వదిలేస్తే సిగ్నల్ తెగుతూ ఉంటుంది. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో దాన్ని ట్రైనర్ దగ్గరకు తెచ్చి పెట్టండి.

ఎఫ్‌టీపీ: గొప్పకు పోతే మొదటికే మోసం

సుమారు గంటసేపు నిలబెట్టుకోగలిగే గరిష్ఠ వాట్లను ఎఫ్‌టీపీ అంటారు. ప్రతి వర్కవుట్ బరువూ దీని శాతంగానే లెక్కకడతారు. ఎఫ్‌టీపీ 200 వాట్లు అయితే, తేలికైన రకం నుంచి కష్టమైనదాకా ఇలా ఉంటాయి: ఎండ్యూరెన్స్ 112 నుంచి 150 వాట్లు, స్వీట్ స్పాట్ 176 నుంచి 188, థ్రెషోల్డ్ 182 నుంచి 210, వీఓ2 మ్యాక్స్ 212 నుంచి 240.

కొలిచే దారులు కొన్ని ఉన్నాయి. ర్యాంప్ టెస్ట్‌లో నిమిషానికో మెట్టు బరువు పెరుగుతుంది. కాళ్లు ఆగిపోయేదాకా తొక్కి, చివర్లో వచ్చిన అత్యధిక నిమిషం సగటులో 75 శాతం తీసుకుంటారు. ఆ నిమిషం 280 వాట్లయితే ఎఫ్‌టీపీ 210. 20 నిమిషాల టెస్ట్‌లో సగటులో 95 శాతం తీసుకుంటారు. ర్యాంప్ టెస్ట్ తేలికే కానీ దానికో పక్షపాతం ఉంది. పొట్టి స్ప్రింట్లు బాగా కొట్టేవాళ్లు చివరి రెండు నిమిషాలు మొండిగా లాగేస్తారు, అంకె అసలుకంటే ఎక్కువ వస్తుంది. తర్వాత వారంలో థ్రెషోల్డ్ ఇంటర్వెల్స్ (మధ్యలో విరామాలిస్తూ కష్టంగా తొక్కే ముక్కలు) రెండోదానికే కూలబడతారు. రోజంతా ఒకే వేగంతో తొక్కగలిగే బ్రెవే (గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ యాత్ర) రైడర్లకు దీనికి సరిగ్గా తిరగబడుతుంది. వాళ్లకు అంకె తక్కువ వస్తుంది. మీరు ఏ రకమో తెలియకపోతే రెండు టెస్టులూ వారం తేడాతో చేసి, తక్కువ వచ్చిన అంకెతో మొదలుపెట్టండి. తక్కువతో మొదలుపెడితే యాప్ రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఎక్కువతో మొదలుపెడితే ఆ రెండు వారాలూ ఓటములే.

ట్రైనర్‌రోడ్ మీ పాత రైడ్లను చూసి టెస్ట్ లేకుండానే ఎఫ్‌టీపీ అంచనా వేస్తుంది. అందుకు తగినన్ని రైడ్లు చరిత్రలో ఉండాలి. కొత్తవాళ్లకు మాత్రం ఒకసారి చెమట ఓడ్చక తప్పదు.

ప్లాన్ కట్టించుకోవడం

లక్ష్యం, తేదీ, వారంలో ఏ రోజు ఎంత సమయం ఉందో చెబితే యాప్ వెనక్కి లెక్కేసుకుంటూ ప్లాన్ కడుతుంది. పూర్తి చక్రం అంటే బేస్ (పునాది) 12 వారాలు, బిల్డ్ (బలం పెంచేది) 8, స్పెషాల్టీ (లక్ష్యానికి తగ్గట్టు తీర్చేది) 8, మొత్తం 28. డిసెంబరులో 200 కిలోమీటర్ల బ్రెవే ఉందనుకుంటే, దాని గడువు 13.5 గంటలు కాబట్టి మీకు కావాల్సింది స్ప్రింట్ కాదు, నిలకడ. గ్రాన్ ఫోండో లేదా సెంచరీ (దూరపు రైడ్ల) రకం ప్లాన్ ఎంచుకోండి. రాత్రి తొక్కడం, ఎనిమిది గంటలు సీటు మీద కూర్చోవడం ఏ యాప్ నేర్పదు. నెలకు రెండు ఆదివారాలు పొడవైన రైడ్‌కు మీరే చోటు పెట్టుకోవాలి.

వాల్యూమ్, అంటే వారానికి ఎంత తొక్కాలన్న మోతాదు దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్నవాళ్లు హై వాల్యూమ్ నొక్కి, మూడో వారానికి సైకిల్ మీద బట్టలు ఆరేస్తారు. వారానికి మూడు రోజుల లో వాల్యూమ్ తీసుకోండి. సమయం దొరికిన రోజు నెమ్మదిగా గంట ఎండ్యూరెన్స్ కలుపుకోండి. నలభై దాటినవాళ్లకు వారంలో రెండు కష్టమైన వర్కవుట్లు చాలు, మూడోది నిద్రను తినేస్తుంది.

లెవెల్స్ ఏం చెబుతున్నాయి

ఎఫ్‌టీపీ ఒక్కటే ఉంటే ఇద్దరు మనుషులు ఒకేలా కనిపిస్తారు. అందుకని ఎండ్యూరెన్స్, టెంపో, స్వీట్ స్పాట్, థ్రెషోల్డ్, వీఓ2 మ్యాక్స్, అనెరోబిక్ ఒక్కోదానికీ 1 నుంచి 10 దాకా విడివిడిగా లెవెల్ ఉంటుంది. స్వీట్ స్పాట్‌లో కింది లెవెల్ అంటే ఎఫ్‌టీపీలో 90 శాతం దగ్గర 8 నిమిషాల ముక్కలు మూడు. కొన్ని వారాలకు అవే వాట్లలో 12 నిమిషాలవి మూడు, ఇంకా పైకి పోతే 20 నిమిషాలవి మూడు. వాట్లు పెరగలేదు, నిలబడే సమయం పెరిగింది. ఫిట్‌నెస్ పెరగడమంటే చాలాసార్లు ఇదే. ఎఫ్‌టీపీ అంకె కదలలేదని దిగులుపడేవాళ్లు ఈ పట్టిక చూడరు.

వర్కవుట్‌కు కూడా లెవెల్ ఉంటుంది. మీ లెవెల్ 4 అయి, వర్కవుట్ 4.5 అయితే దాన్ని ప్రొడక్టివ్ అంటుంది, పనికొచ్చేది ఇదే. 5.5 అయితే స్ట్రెచ్. అంతకు మించితే బ్రేక్‌త్రూ, అది వారం వారం వేసుకునేది కాదు. ఎఫ్‌టీపీ పెరిగిన రోజు లెవెల్స్ కిందికి దిగుతాయి. కంగారు వద్దు, గీటురాయి మారింది కాబట్టి మళ్లీ కింది మెట్టు నుంచి లెక్క.

సర్వేలో అబద్ధం ఆడొద్దు

వర్కవుట్ అయ్యాక ఎలా ఉందని యాప్ అడుగుతుంది: ఈజీ, మోడరేట్, హార్డ్, వెరీ హార్డ్, ఆల్ అవుట్. ఇక్కడ అడిగేది గుండె వేగాన్నో వాట్లనో కాదు, మీ అనుభవాన్ని. ఒక కొలబద్ద పెట్టుకోండి. పక్కవాళ్లతో పూర్తి వాక్యాల్లో మాట్లాడుతూ ముగించగలిగితే ఈజీ. చివర్లో ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సి వచ్చినా, ఇంకో రెండు ముక్కలు తొక్కగలనంటే మోడరేట్. ఇంకొక్కటి మాత్రమే తొక్కగలనంటే హార్డ్. ఆఖరి ముక్క పళ్లు బిగించి ముగిస్తే వెరీ హార్డ్. ఇంకో అర నిమిషం కూడా నావల్ల కాదంటే ఆల్ అవుట్.

మనవాళ్లు రెండు రకాలుగా తప్పు చేస్తారు. ఒకరు ప్రాణం మీదకు వచ్చినా ‘మోడరేట్’ నొక్కుతారు, అది చూసి వచ్చే వారం యాప్ ఇంకో మెట్టు ఎక్కిస్తుంది. మరొకరు చెమట పట్టిన ప్రతిసారీ ‘వెరీ హార్డ్’ అంటారు. వాళ్ల లెవెల్ నెలలు గడిచినా అక్కడే తచ్చాడుతుంది. థ్రెషోల్డ్ వర్కవుట్ హార్డ్‌గా ఉండటం సహజం, అది ఫిర్యాదు కాదు. రెండు గంటల ఎండ్యూరెన్స్ రైడ్ వెరీ హార్డ్ అనిపించిందంటేనే ఆలోచించాలి. నిద్రలేదా, తిండి లేదా, లేక ఎఫ్‌టీపీయే ఎక్కువ పెట్టుకున్నారా?

మధ్యలో ఆపేస్తే కారణం అడుగుతుంది. కరెంటు పోయి ఆగితే పరికరాల సమస్య అని చెప్పండి. డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్లలో చాలావాటికి కరెంటు లేకపోతే బరువు ఉండదు, ఊరికే తిరుగుతుంది. ఆ రోజు కాళ్లు చేతకాలేదని యాప్ అనుకుంటే, అనవసరంగా ప్లాన్ మెత్తబడుతుంది. ట్రైనర్ వాడే కరెంటు తక్కువే కనుక దాన్నీ రూటర్‌నూ ఇన్వర్టర్ లైనులో పెట్టుకుంటే ఈ గొడవ లేదు.

జవాబులు అందాక యాప్ మార్పులు సూచిస్తుంది. మీరు ఒప్పుకుంటేనే అవి అమల్లోకి వస్తాయి. వారాల తరబడి ‘తర్వాత చూద్దాం’ అని వదిలేస్తే మీరు డబ్బు కట్టింది గోడమీది టైమ్‌టేబుల్‌కే.

ఎర్గ్ మోడ్‌లో కాళ్లు చచ్చుబడటం

ఎర్గ్ మోడ్‌లో ట్రైనర్ వాట్లను స్థిరంగా పట్టి ఉంచుతుంది. మీరు నెమ్మదిస్తే బరువు పెంచుతుంది, వేగం పెంచితే తగ్గిస్తుంది. అలసటతో కేడెన్స్ (నిమిషానికి పెడల్ తిప్పే చుట్లు) 90 నుంచి 60కి పడిందనుకోండి, అవే వాట్ల కోసం పెడల్ మీద బరువు ఒకటిన్నర రెట్లవుతుంది. దాంతో ఇంకా నెమ్మదిస్తారు, ఇంకా బరువెక్కుతుంది, చివరికి పెడల్ కదలదు. పంతానికి పోకండి. నాలుగైదు సెకన్లు పెడల్ ఆపి, బరువు వదిలాక 95 దాకా తిప్పి, మళ్లీ అందుకోండి. అదే రెండోసారి జరిగితే ఇంటెన్సిటీని 3 నుంచి 5 శాతం తగ్గించి మిగతావి పూర్తిచేయండి. సగంలో దిగిపోవడం కంటే అది మెరుగు.

గేరు ముందు చిన్న రింగు, వెనక మధ్య పళ్లచక్రం మీద పెట్టి చైన్ తిన్నగా ఉంచండి. ఎర్గ్‌లో తొక్కుతూ గేర్లు మార్చొద్దు. 15, 30 సెకన్ల పొట్టి స్ప్రింట్లకు ఎర్గ్ పనికిరాదు. ట్రైనర్ బరువు ఎక్కించేలోపే ఇంటర్వెల్ అయిపోతుంది. వాటికి స్టాండర్డ్ లేదా రెసిస్టెన్స్ మోడ్‌కు మారి గేర్లతోనే తొక్కండి.

ఉక్కపోత, ఉప్పు, తిండి

మే నెలలో గదిలో 34 డిగ్రీలు, విశాఖలో అయితే దానికి తోడు ఉక్కపోత. రోడ్డు మీద ఎదురుగాలే ఒళ్లు చల్లబరుస్తుంది, గదిలో ఆ గాలి లేదు. శరీరం రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, కాళ్లకు అందేది తగ్గుతుంది. అవే వాట్లకు గుండె వేగం నిమిషానికి పది పైన పెరగొచ్చు. సీలింగ్ ఫ్యాన్ చాలదు. ఒక పెడస్టల్ ఫ్యాన్‌ను ఎదురుగా ఛాతీ ఎత్తులో, వీలైతే ఇంకొకటి పక్క నుంచి పెట్టండి. తెల్లవారుజామున 5 గంటలకే ఎక్కండి. తప్పక మధ్యాహ్నం తొక్కితే 5 శాతం తగ్గించి తొక్కండి. ఎఫ్‌టీపీ టెస్ట్ మాత్రం ఎండ వేళ చేయొద్దు.

హ్యాండిల్ మీద తువ్వాలు తప్పనిసరి. చెమటలోని ఉప్పు హెడ్‌సెట్ బేరింగులను, స్టెమ్ బోల్టులను తినేస్తుంది. గంట దాటే కష్టమైన వర్కవుట్‌కు గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. 750 మిల్లీలీటర్ల సీసాలో త్రాసు మీద తూచిన 40 గ్రాముల పంచదార, పావు చెంచా ఉప్పు, నిమ్మకాయ పిండితే చాలు. పక్కన ఒక అరటిపండు పెట్టుకోండి. షుగరు జబ్బు, బీపీ, గుండె మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఈ సీసాతోనూ ఆల్ అవుట్ టెస్టుతోనూ మొదలుపెట్టొద్దు.

తప్పిపోయిన రోజులు, బయటి రైడ్లు

సంక్రాంతికి ఊరెళ్తున్నారా, మేనకోడలి పెళ్లా? వెళ్లేముందే క్యాలెండర్‌లో టైమ్ ఆఫ్ పెట్టండి. జ్వరమొస్తే ఇల్‌నెస్ అని గుర్తు పెట్టండి. ఏమీ చెప్పకుండా మాయమైతే, ఎందుకు తొక్కలేదో యాప్‌కు తెలియదు. తప్పిపోయిన వర్కవుట్‌ను మర్నాటి దానితో కలిపి తొక్కకండి, పోనివ్వండి. డెంగీ లాంటివి వచ్చి లేచాక వారం పాటు ఎండ్యూరెన్స్ మాత్రమే తొక్కి, ఎఫ్‌టీపీని మళ్లీ అంచనా వేయించుకుని, అప్పుడు ఇంటర్వెల్స్‌లోకి రండి.

బయట తొక్కేటప్పుడు వర్కవుట్‌ను గార్మిన్ లేదా వాహూ సైకిల్ కంప్యూటర్‌కు పంపుకోవచ్చు. సిగ్నళ్లు, ఆటోలు, కుక్కలు ఉన్న రోడ్డు మీద 12 నిమిషాల థ్రెషోల్డ్ కుదరదు. హైదరాబాద్‌లో అయితే 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ దీనికి అనువైన చోటు. అనంతగిరి లాంటి ఎక్కుళ్లకు వెళ్తే వాట్లను సెకను సెకనుకూ చూడొద్దు, మూడు సెకన్ల సగటు స్క్రీన్ మీద పెట్టుకోండి. ఇంటికొచ్చాక రైడ్ ఫైల్ వర్కవుట్‌తో జతపడిందో లేదో చూసి, సర్వే నింపండి. జతపడకపోతే ఆ రోజు వర్కవుట్ ఎగ్గొట్టినట్టే క్యాలెండర్‌లో మిగిలిపోతుంది.