ఆక్టోపస్ ఇబ్బంది పెడుతోందా? లక్షణం, కారణం, పరిష్కారం

స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం) కిట్‌లో మనం నోటితో గాలి పీల్చే రెగ్యులేటర్ కాక ఇంకొకటి, పసుపు హోస్‌తో పక్కన ఉంటుంది. అదే ఆక్టోపస్. ఉండేది మన కిట్‌లోనే అయినా అవసరం పడేది బడ్డీకి, అంటే మనతో జతగా డైవ్ చేసే మనిషికి, అదీ గాలి అయిపోయి గుండె దడదడలాడుతున్నప్పుడు. చాలామంది డబ్బంతా మెయిన్ రెగ్యులేటర్ మీద పెట్టి, దీన్ని "ఏదో ఒకటిలే" అని తీసుకుంటారు. కింది సమస్యల్లో కొన్ని అక్కడే మొదలవుతాయి.

నీళ్లలోకి దూకగానే బుస్సుమని గాలి పోతోంది

దీన్ని ఫ్రీఫ్లో అంటారు. మౌత్‌పీస్ పైకి తిరిగి ఉంటే కిందవైపున్న డయాఫ్రం (పలుచటి రబ్బరు పొర) మీద నీటి ఒత్తిడి ఎక్కువై వాల్వ్ తెరుచుకుంటుంది. మౌత్‌పీస్‌ని కిందికి తిప్పండి. అయినా ఆగకపోతే మౌత్‌పీస్ రంధ్రాన్ని వేలితో మూయండి. ఫ్రీఫ్లో తగ్గించే చిన్న లివర్ ఉన్న మోడల్ అయితే దూకే ముందు దాన్ని ప్రీ-డైవ్ వైపు పెట్టండి. కొనేటప్పుడు ఆ లివర్ ఉన్నదే ఎంచుకోవడం మంచిది.

సిలిండర్ తెరిచిన కాసేపటికి సన్నగా సుయ్‌మంటూ లీకవుతుంటే మాత్రం తప్పు ఆక్టోపస్‌ది కాకపోవచ్చు. సిలిండర్‌కు బిగించే భాగమైన ఫస్ట్ స్టేజ్ 200 బార్ (ఒత్తిడి కొలత) ఒత్తిడిని సుమారు 9-10 బార్‌కు తగ్గించి పంపాలి. లోపల గాలిని ఆపే సీటు అరిగితే ఆ ఒత్తిడి మెల్లగా పెరుగుతూ పోతుంది, తేలిగ్గా తెరుచుకునే వాల్వ్ దగ్గర బయటపడుతుంది. కొత్త ఆక్టోపస్ కొన్నా ఈ జబ్బు పోదు. టెక్నీషియన్ చేత ఆ ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టించి చూడండి. అంకె ఒకచోట నిలవాలి.

గాలి లాక్కోవాల్సి వస్తోంది

ముందు సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరిచారో లేదో చూడండి. పీల్చినప్పుడల్లా సిలిండర్ ఒత్తిడి చూపే గేజ్ ముల్లు పడి లేస్తుంటే కారణం అదే. అది సరిగ్గానే ఉంటే ఆక్టోపస్‌ను మరీ బిగువుగా సెట్ చేసి ఉంటారు. ఫ్రీఫ్లో రాకుండా కాస్త బిగించడం మామూలే. కానీ భయంతో రొప్పుతున్న మనిషికి ఆ బిగువు నరకం. సర్వీసులో సరిచేయించండి, మీరే స్క్రూ తిప్పకండి.

మూడో కారణం ఫస్ట్ స్టేజ్. 30 మీటర్ల లోతులో ఒత్తిడి 4 బార్లు, అంటే ఒక్కో శ్వాసకు ఒడ్డున కంటే నాలుగు రెట్ల గాలి కావాలి. ఒకే ఫస్ట్ స్టేజ్ మీద ఇద్దరు పీలుస్తుంటే లెక్క ఇంకా పెరుగుతుంది. బ్యాలెన్స్‌డ్ (సిలిండర్ ఒత్తిడి తగ్గినా ఒకేలా గాలి ఇచ్చేది) కానిదైతే సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ గాలి పీల్చడం కష్టమవుతుంది, అంటే సరిగ్గా అవసరమైన వేళకి. అందుకే బ్యాలెన్స్‌డ్ ఫస్ట్ స్టేజ్ తీసుకోండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 250ఏ అన్న గుర్తు ఉందేమో చూడండి. ఇద్దరు ఒకేసారి పీల్చేందుకు పరీక్షించిన వాటికే ఆ 'ఏ' ఉంటుంది.

నోట్లోకి నీళ్లు వస్తున్నాయి

నాకు బాగా గుర్తుండిపోయిన సమస్య ఇది. అద్దె కిట్‌తో ఐదు మీటర్ల లోతులో గాలి పంచుకునే ప్రాక్టీస్ చేస్తున్నాం. నా బడ్డీ ఆక్టోపస్ అందుకుని పళ్లతో కరిచింది. తర్వాత నేను కొంచెం కదిలాను, అంతే. సిలికాన్ మౌత్‌పీస్ ఆమె పళ్ల మధ్యే ఉండిపోయింది, పసుపు డబ్బా ఊడి నా వైపు వచ్చేసింది. ప్రాక్టీస్ కాబట్టి తన రెగ్యులేటర్ మళ్లీ పెట్టుకుంది. పైకొచ్చి చూస్తే మౌత్‌పీస్‌ని పట్టి ఉంచే జిప్ టై లేనే లేదు. ఆ రోజు నుంచి నేను ప్రతి ఆక్టోపస్ మౌత్‌పీస్‌నీ గట్టిగా లాగి చూడకుండా పడవ ఎక్కను.

లీక్ పట్టుకోవడానికి ఒడ్డునే ఒక పరీక్ష ఉంది. సిలిండర్ మూసి, పర్జ్ (గాలి వదిలే బటన్) నొక్కి గాలంతా వదిలేసి, ఇప్పుడు పీల్చండి. ఏమీ రాకూడదు. వస్తోందంటే మౌత్‌పీస్ చిరిగిందో, డయాఫ్రంకి చిల్లు పడిందో, మనం వదిలిన గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వ్ కింద ఇసుక రేణువు ఇరుక్కుందో. రుషికొండ లాంటి చోట ఒడ్డు నుంచి నడిచి దిగేవాళ్లకు ఈ ఇసుక బెడద ఎక్కువ. మంచినీళ్లలో ముంచి కడిగితే తరచూ పోతుంది.

పరీక్షలో పాసై నీళ్లలో మాత్రం తడిగా ఉందంటే, తలకిందులుగా పెట్టుకున్నారేమో చూడండి. ఎదురెదురుగా ఉండి అందిస్తే ఇలా తరచూ జరుగుతుంది. ఎటు పెట్టుకున్నా పనిచేసే సైడ్ ఎగ్జాస్ట్ మోడళ్లు ఉన్నాయి. కొత్తది కొనేవాళ్లకు నేను మొదట చెప్పేది అవే.

సమయానికి చేతికి దొరకట్లేదు

గడ్డానికీ కింది పక్కటెముకలకూ మధ్య, లాగితే ఊడొచ్చే హోల్డర్‌లో పెట్టండి. హోస్ సుమారు ఒక మీటరు ఉండాలి. పొట్టిదైతే ఇద్దరూ తలలు ఢీకొట్టుకుంటారు.

నా సిలిండర్ ఖాళీ అయితే?

మీ ఆక్టోపస్ కూడా ఆ సిలిండర్ నుంచే పీలుస్తుంది, కాబట్టి మీకు పనికిరాదు. మీకు దిక్కు బడ్డీ ఆక్టోపసే. దూకే ముందు దాన్ని మీ నోట్లో పెట్టుకుని, తన గేజ్ చూస్తూ నాలుగుసార్లు పీల్చండి. ముల్లు కదలకూడదు.