ఓసీటీ రిపోర్టులో ఎర్ర రంగును ఆఖరున చూడండి

నీటికాసుల (గ్లాకోమా) అనుమానంతో తీసిన ఓసీటీ (కంటి లోపలి పొరల మందాన్ని కాంతితో కొలిచే స్కాన్) రిపోర్టు చేతికి రాగానే ఎవరి చూపైనా ముందు ఎర్ర రంగు మీదికే పోతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కంటి క్లినిక్కులలో కొత్తగా చేరే ఆప్టోమెట్రిస్టులు (కంటి పరీక్షలు చేసే నిపుణులు) ఈ అలవాటును మొదటే మానుకోవాలని నా గట్టి అభిప్రాయం.

పేరు, వయసు, ఏ కన్ను అన్నవి సరిచూసుకున్నాక సిగ్నల్ బలం చూడాలి. సిరస్ అనే రకం ఓసీటీ యంత్రంలో అది 10కి 6 కంటే తక్కువ ఉంటే ఆ కొలతలను నమ్మరాదు. మన దగ్గర శుక్లం ముదిరేదాకా ఆగి వచ్చే పెద్దవారు ఎక్కువ. శుక్లం కాంతిని అడ్డుకున్నప్పుడు నాడీ తంతువుల పొర (కంటి వెనుక, చూపును మెదడుకు చేరవేసే నరాల పోగుల పొర) ఉన్నదానికంటే పలుచగా నమోదవుతుంది. కన్ను పొడిబారిన వారికి కన్నీటి చుక్కలు వేసి, రెప్పలు ఆడించమని చెప్పి మళ్లీ తీస్తే తరచుగా సిగ్నల్ మెరుగవుతుంది. ఆ తరువాత అడ్డకోత చిత్రంలో యంత్రం గీసిన గీతలు పొర అంచుల వెంటే నడిచాయో లేదో కళ్లతో చూడాలి.

ఇక గ్రాఫు. ఆరోగ్యంగా ఉన్న కంటిలో నాడీ పొర మందం పైభాగాన, కిందిభాగాన రెండు మూపురాలుగా లేస్తుంది. నీటికాసుల నష్టం చాలామందిలో కణత వైపు కిందిభాగాన మొదలవుతుంది. అయితే, రాజాం నుంచి హ్రస్వదృష్టితో మైనస్ 7 పవరున్న ఉపాధ్యాయుడు వచ్చారనుకుందాం: ఆయన గ్రాఫులో రెండు మూపురాలూ ఎత్తు తగ్గకుండా కణత వైపు జరిగి ఉంటే, అవి మామూలుగా ఉండాల్సిన స్థానంలో కనిపించే ఎరుపు జబ్బు కాకపోవచ్చు. ఎరుపు అంటే ఆ వయసు ఆరోగ్యవంతులలో నూటికి ఒకరికంటే తక్కువమందికి ఉండే పలుచదనం అని మాత్రమే అర్థం. మామూలు మందాన్ని సూచించే ఆకుపచ్చ రంగూ పూర్తి భరోసా కాదు, ఎందుకంటే చిన్న చీలికలాంటి నష్టం సగటులో కలిసిపోతుంది. అందుకే మందం పటంలో డిస్కు (కంటి నరం మొదలయ్యే గుండ్రని చోటు) నుంచి విల్లులా సాగే లోపాన్ని వెతికి, దానిని డిస్కు అంచుతోనూ, ఫీల్డ్ పరీక్షతోనూ (చూపు పరిధిని కొలిచే పరీక్ష), రెండో కంటితోనూ పోల్చాలి. కింద పొర పోతే ఫీల్డులో లోపం పైన కనిపించాలి.

విశాఖపట్నంలో వేరే కంపెనీ యంత్రంపై తీసిన అంకెలను ఇక్కడి అంకెలతో పోల్చి జబ్బు పెరిగిందని చెప్పకూడదు. ఒకే యంత్రంపైనైనా రెండు మూడు మైక్రాన్ల తేడా కొలతలో సహజమే. సగటు మందం 50-55 మైక్రాన్ల దగ్గరికి చేరాక జబ్బు ముదిరినా ఆ అంకె పెద్దగా తగ్గదు. అక్కడి నుంచి ఓసీటీలోని ఆ అంకెను పక్కన పెట్టి, 10-2 ఫీల్డ్ పరీక్షను (చూపు మధ్యలోని 10 డిగ్రీలను కొలిచేది) క్రమంగా చేయించాలి.