ముసురు పట్టకముందే: పిల్లలకు కొత్త యాంటీబయాటిక్ వేయాల్సి వస్తే

మృగశిర కార్తె వచ్చిన నాలుగైదు రోజులకే బడులు తెరుస్తారు. వెనకనే వానలు పడతాయి. ఇక మా హనుమకొండలో ఏ పిల్లల డాక్టర్ దగ్గర చూసినా పొద్దున తొమ్మిదింటికే బెంచీలు నిండి ఉంటాయి. కొంగులో ముఖం దాచుకున్న చిన్నపిల్లలు, చేతిలో పాత చీటీలు పట్టుకున్న తల్లులు. అందులో నేనూ ఉంటాను. ఇద్దరు పిల్లల తల్లిని, డాక్టర్‌ను కాదు. కానీ పోయిన వానాకాలం నేను చేసిన ఒక తప్పు మరో తల్లి చేయకూడదని ఇది రాస్తున్నాను.

మా చిన్నదానికి అప్పుడు నాలుగేళ్లు. సర్ది చేసి, నాలుగో రోజు చెవి నొప్పి అంది. డాక్టర్ చెవిలో లైటు వేసి చూసి సెఫిక్సైమ్ రాశారు. అంతకుముందు తనకు అమాక్సిసిలిన్ తప్ప ఇంకో యాంటీబయాటిక్ వేసింది లేదు. రాత్రి అన్నాలయ్యాక డబ్బాలోని కాగితం విప్పి చదివాను. దద్దుర్లు, వాంతులు, రక్త విరేచనాలు, ఊపిరి ఆడకపోవడం అని వరసగా ఉంది. చెయ్యి రాలేదు. సీసా ఫ్రిజ్ మీద పెట్టి పొద్దున చూద్దాంలే అనుకున్నాను. పిల్ల తెల్లార్లూ చెవి పట్టుకుని ఏడ్చింది. పొద్దున డాక్టర్ అడిగిన మాట ఒక్కటే: "భయమైతే నిన్న నా ముందే అడగొచ్చు కదమ్మా?"

ఆ మాట నిజం. ఆ కాగితంలో ఎప్పుడో ఒకరికి వచ్చినవి, తరచుగా వచ్చేవి అన్నీ కలిపి రాస్తారు. మన బిడ్డకు ఏది వచ్చే అవకాశం ఉందో, వస్తే ఏం చేయాలో ఆ బిడ్డను చూసిన డాక్టరే చెప్పగలరు. అందుకే భయాన్ని ఇంటికి మోసుకురాకుండా అక్కడే బయటపెట్టండి.

చీటీ చేతిలోకి రాకముందు

మొదట అడగాల్సింది, "ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చిందంటారా సార్, దేన్ని చూసి రాస్తున్నారు?" అని. మర్యాదగా అడిగితే ఎవరూ కోప్పడరు. వానాకాలంలో వచ్చే సర్ది, ముక్కు కారడం, చాలా దగ్గులు, నీళ్ల విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ముక్కు చీమిడి పచ్చగా మారినంత మాత్రాన ఆ మందు అవసరమని కాదు. డెంగీ కూడా వైరసే. దానికి పారాసెటమాల్, నీళ్లు, డాక్టర్ చెప్పిన రక్తపరీక్షలు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబూప్రొఫెన్ వేయొద్దు.

అవసరమైన చోట మాత్రం వెనకాడకూడదు. నిమోనియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ (పొదల్లో, గడ్డిలో ఉండే సన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం), మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటి వాటిలో ఆలస్యమే అసలు ప్రమాదం. దగ్గుతో ఉన్న బిడ్డ పడుకున్నప్పుడు చొక్కా పైకి లేపి, గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 2 నెలల నుంచి ఏడాదిలోపు పిల్లలకు నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు వాళ్లకు 40, ఆపైన వస్తుంటే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి గుంజుకుపోతుంటే అర్ధరాత్రయినా దవాఖానకు తీసుకెళ్లాలి. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలు తాకినా ఇంట్లో ఏ మందూ ప్రయత్నించొద్దు, నేరుగా దవాఖానే.

రెండోది, మనం డాక్టర్‌కు చెప్పాల్సినవి. ఇంతకుముందు ఏ మందైనా పడలేదా? "పడలేదు" అని ఊరుకోకుండా ఏం జరిగిందో చెప్పండి. దద్దుర్లు వచ్చాయా, పెదాలు వాచాయా, ఒట్టి విరేచనాలేనా, మందు వేసిన ఎన్ని గంటలకు? అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ గుంపు మందు పడని బిడ్డకు సెఫిక్సైమ్ లాంటివి రాసే ముందు డాక్టర్ ఆలోచించాల్సి ఉంటుంది. గుండె జబ్బు ఉన్నా, మూర్ఛకు మందులు వాడుతున్నా, కిడ్నీ ఇబ్బంది ఉన్నా, పుట్టినప్పుడు జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) తక్కువ ఉందని రాసి ఇచ్చినా తప్పక చెప్పాలి. ఇప్పటికే వేస్తున్న సిరప్పులు, ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గర నిన్న వేయించిన సూది కూడా దాచొద్దు. తిడతారేమోనని చాలామంది ఆ సూది మాట చెప్పరు. అది పిల్లకే నష్టం.

ఇంకో మాట. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ వేస్తే పళ్లకు పసుపు మరక పడుతుందని పెద్దవాళ్లు చెప్తారు. అది నిజమే. ఆ మందుల కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపించిన పరిశోధన నుంచే 1948లో బయటికి వచ్చింది. కానీ అదే కుటుంబంలోని డాక్సీసైక్లిన్ స్క్రబ్ టైఫస్‌కు ప్రాణం కాపాడే మందు. కొద్ది రోజులు వాడితే పళ్లకు మరక పడదని ఇప్పుడు డాక్టర్లకు తెలుసు. ములుగు వైపో, నర్సంపేట వైపో పొలాల్లో, పొదల్లో తిరిగిన బిడ్డకు జ్వరం తగ్గక డాక్టర్ అది రాస్తే పళ్ల భయంతో ఆపకండి. అడగండి, అడిగి వేయండి.

మెడికల్ షాపు దగ్గర

ఇక్కడే నాకు రెండో దెబ్బ తగిలింది. చీటీలో 5 మి.లీ.లో 50 మి.గ్రా. ఉండే సీసా రాశారు, రోజుకు రెండుసార్లు 5 మి.లీ. షాపులో ఇచ్చింది అదే మందు, దాదాపు అదే పేరు, కానీ 5 మి.లీ.లో 100 మి.గ్రా. ఉన్నది. చీటీ ప్రకారం 5 మి.లీ. పోసి ఉంటే ప్రతిసారీ రెట్టింపు మందు లోపలికి పోయేది. చెవి నొప్పి రెండో రోజు డాక్టర్ సీసా చూపించమన్నారు కాబట్టి దొరికింది.

అప్పటి నుంచి కౌంటర్ ముందే చీటీని, సీసాను పక్కపక్కన పెట్టి చూస్తాను. మందు పేరు, 5 మి.లీ.కి ఎన్ని మి.గ్రా., ఎక్స్‌పైరీ తేదీ. పేరు చివర ఫోర్ట్, డీఎస్ అని ఉంటే అది ఎక్కువ పవర్ అని అర్థం. డ్రాప్స్ వేరు, సిరప్ వేరు. డ్రాప్స్‌లో మందు చిక్కగా ఉంటుంది, చెంచాతో కొలిచి పోసేది కాదు. "అది లేదమ్మా, ఇది కూడా అదే" అంటే డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగాకే తీసుకోండి. డోస్ బిడ్డ బరువును బట్టి లెక్కిస్తారు కాబట్టి పోయిన ఏడాది చీటీ ఈ ఏడాది పనికిరాదు, అక్క కొడుకు డోస్ మన కొడుక్కి పనికిరాదు.

సెఫిక్సైమ్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ 2014 మార్చి 1 నుంచి హెచ్1 జాబితా కింద ఉన్నాయి. వాటి డబ్బా మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదు. షాపువాళ్లు రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. మన పేరు అడిగితే విసుక్కోకండి. బిల్లు తప్పకుండా తీసుకోండి.

పొడిలో నీళ్లు కలిపేటప్పుడు

చాలా పిల్లల యాంటీబయాటిక్స్ పొడి రూపంలో వస్తాయి. నేను చేసే పద్ధతి చెప్తాను. ముందు సీసాను అరచేతిలో రెండు మూడుసార్లు తట్టాలి, అడుగున గట్టిపడ్డ పొడి విడిపోతుంది. డబ్బాలో నీళ్ల ఆంప్యూల్ (మూసి ఉన్న చిన్న గొట్టం) ఉంటే అదే పోయాలి. లేకపోతే కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు. వేడి నీళ్లు వద్దు. సగం పోసి, మూత బిగించి బాగా ఊపాలి. నురగ వస్తుంది. ఆ నురగను చూసి గీత దాకా వచ్చిందని పొరపాటు పడతాం. రెండు నిమిషాలు ఆగితే నురగ దిగి అసలు మట్టం కనిపిస్తుంది. అప్పుడు సీసా మీది గీత దాకా మిగతా నీళ్లు పోసి మళ్లీ ఊపాలి. నీళ్లు ఎక్కువైతే మందు పలచబడుతుంది, తక్కువైతే ప్రతి చెంచా చిక్కగా పోతుంది. చేతికి నమ్మకం లేకపోతే షాపులోనే కలిపించుకోండి.

కలిపిన తేదీ, పారబోయాల్సిన తేదీ పెన్నుతో లేబుల్ మీద రాయండి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ కలిపాక ఫ్రిజ్‌లో పెట్టాలి, ఏడు రోజుల్లో వాడేయాలి. అన్ని మందులకూ ఇదే లెక్క కాదు, లేబుల్ చదవాలి. వానాకాలంలో మా దగ్గర గాలి వీస్తే కరెంటు పోతుంది. ఊళ్లో ఫ్రిజ్ లేదు, లేదా పరకాల దాకా బస్సులో పోవాలంటే ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పండి. నీళ్లలో కరిగే గోలీ రూపంలో దొరికేది రాయగలరేమో చూస్తారు.

వంటింటి చెంచాతో మాత్రం కొలవొద్దు. మా ఇంట్లోనే మూడు సైజుల చెంచాలున్నాయి. షాపులో సూది లేని సిరంజి అడిగితే ఇస్తారు. ప్రతిసారీ సీసా ఊపి, సిరంజిలోకి తీసి, బిడ్డను కూర్చోబెట్టి బుగ్గ పక్క నుంచి మెల్లగా పోయాలి. పడుకోబెట్టి ముక్కు మూసి పోయొద్దు, పొరబోతుంది. గ్లాసు నిండా పాలల్లో కలపొద్దు. సగం తాగి వదిలేస్తే ఎంత మందు పోయిందో తెలియదు.

మొదటి డోస్, ఆ తర్వాత

డాక్టర్ వెంటనే వేయమంటే వెంటనే వేయాలి. పొద్దున మొదలుపెట్టినా పర్లేదంటే, ఇంట్లో పెద్దవాళ్లు మేలుకుని ఉండే వేళ, అన్నం తిన్నాక వేయాలా ముందు వేయాలా అడిగి వేయండి. మొదటి గంట బిడ్డను కళ్ల ముందే ఉంచుకోండి. యాంటీబయాటిక్ సూది అయితే అది వేశాక కనీసం అరగంట ఆ దవాఖానలోనే కూర్చోండి. ఏమన్నా అయితే వెంటనే చూసే ఏర్పాటు లేని చోట బిడ్డకు కొత్త సూది వేయించొద్దు. "సూదేస్తే జల్ది తగ్గుతది బిడ్డా" అని మా అత్తమ్మ కూడా అంటుంది. ప్రేమతోనే అంటుంది. నోటితో మందు తీసుకోగలిగే బిడ్డకు చాలాసార్లు నోటి మందే చాలునని డాక్టర్ చేతే ఆమెకు చెప్పించాను. తర్వాత ఆ మాట మళ్లీ రాలేదు.

పెదాలు, నాలుక, ముఖం వాయడం, ఒళ్లంతా దద్దుర్లు లేచి వెంటనే వాంతులు, పిల్లికూతల్లాంటి ఊపిరి, గొంతు బొంగురుపోవడం, బిడ్డ వాలిపోవడం. వీటిలో ఏది కనిపించినా మందు ఆపి 108కి ఫోన్ చేయండి. ఆటో కోసం, నాన్న వచ్చేదాకా ఆగొద్దు. వరంగల్ చుట్టుపక్కల వాళ్లకు ఎంజీఎం దవాఖాన తెలిసిందే, ఏది దగ్గరైతే అక్కడికి. నోట్లో, కళ్లలో పుండ్లు వచ్చి చర్మం బొబ్బలెక్కినా అంతే తొందర.

మెత్తటి విరేచనాలు రోజుకు రెండు మూడు ఎక్కువ కావడం మామూలే. ఓఆర్‌ఎస్, పెరుగన్నం ఇస్తూ చూడొచ్చు. రక్తం పడినా, బిడ్డ మూత్రం తగ్గి నీరసపడినా డాక్టర్‌కు చెప్పాలి. మందు వేసిన అరగంటలోపు వాంతి చేసుకుంటే మళ్లీ వేయాలా అని అడగండి. ఒక డోస్ మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి, తర్వాతి డోస్ వేళ దగ్గరపడితే ఆ ఒక్కటి వదిలేయండి. రెండు కలిపి మాత్రం వేయొద్దు.

నాలుగైదు రోజులకు వచ్చే చిన్న ఎర్ర పొక్కులన్నీ ఎలర్జీ కావు. వైరస్ జ్వరాల్లో కూడా వస్తాయి. పగటి వెలుతురులో ఫొటో తీసి, తర్వాతి డోస్‌కు ముందే డాక్టర్‌కు చూపించండి. మనమే "మావాడికి పెన్సిలిన్ పడదు" అని తీర్మానించుకుంటే, రేపు నిజంగా అవసరమైన రోజు మంచి మందు చేజారుతుంది.

మూడో రోజుకు జ్వరం తగ్గి బిడ్డ ఆడుకుంటే మందు మానేయాలనిపిస్తుంది. ఎన్ని రోజులన్నది డాక్టర్ చెప్పిందే. రెండు రోజులకూ ఏ మార్పూ లేకపోతే మాత్రం చివరిదాకా ఆగకుండా మళ్లీ చూపించాలి. మిగిలిన మందును ఇంకోసారికని, తమ్ముడికని దాచొద్దు.

మందు వల్ల ఇబ్బంది వస్తే డాక్టర్‌కు చెప్పడంతో పాటు 1800-180-3024 కు కూడా చెప్పొచ్చు. దేశంలో మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే టోల్ ఫ్రీ నంబర్ అది.

మా ఇంట్లో ఇప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం ఉంది. చిన్నదాని పేజీలో చివరి వరస ఇలా ఉంది: "బరువు 14 కిలోలు. సెఫిక్సైమ్, 5 మి.లీ.లో 50 మి.గ్రా. చెవి నొప్పికి. రెండో రోజు రెండు మెత్తటి విరేచనాలు, వేరే ఏమీ లేదు. మూడో రోజు నొప్పి లేదంది." ఈ వానాకాలం డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీల కన్నా ముందు దాన్నే సంచిలో పెట్టుకుంటాను.